ఎఱ్ఱజుట్టు జట్టు

కందుకక్రీడ మన కావ్యములకు క్రొత్తది కాదు. దండి రచించిన దశకుమారచరితమునందు కందుకావతి యను రాజపుత్రి వింధ్యవాసినీదేవి ప్రీతికొఱకు జనులెల్లరు చూచుచుండగా బంతి యాడును. ఆ గ్రంథమును పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనకు అంకిత మొసగెను. అచ్చట కవి చూపు బంతికంటె బంతి యాడు కన్నెమీదనే యెక్కువ నిలిచినది. ఆమె గెలిచినదా, ఓడినదా యను ప్రశ్నయే పుట్టదు. ఎదుటిపక్షము లేని యాట యది. ఎదుట పురుషులు నిలిచియుండగా వారితో పోరాడి, ఆ యాటచేతనే భుక్తి గడించుకొన్న వనితల కథ నొకదానిని ఈ మాసము సోదరీమణులకు విన్నవింప దలచితిమి. ఆ కథ అమెరికా దేశములో జరిగినది.

ముందు ఆట పుట్టుక చెప్పవలెను. 1891 డిసెంబరు మాసమున మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్ ఫీల్డు పట్టణములో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, మంచు కురియు దినములలో విద్యార్థులు ఇంటిలోపలనే యాడుకొనుటకై యొక క్రీడను కల్పించెను. పీచుపండ్ల బుట్టలు రెండింటిని పది యడుగుల యెత్తున చెఱియొక వైపున కొట్టించి, బంతిని వానిలో వేయుటే గెలుపని పదుమూడు నియమములు వ్రాసెను. బుట్టకు అడుగుండెను గనుక బంతి పడినప్పుడెల్ల నిచ్చెన వేసి తీయవలసి వచ్చెడిది! అదియే బాస్కెట్ బాల్. కొలది దినములకే సమీప పాఠశాలలోని ఉపాధ్యాయినులు ఈ యాట చూచి తామును నేర్చుకొనిరి. తొలుదొలుత ఆడిన స్త్రీలలో మాడ్ షెర్మన్ అను నామె యొకతె. 1894లో నైస్మిత్ ఆమెనే వివాహమాడెను.

స్మిత్ కళాశాలలో వ్యాయామము నేర్పుచుండిన సెండా బెరెన్ సన్ 1892లో ఈ యాటను స్త్రీలకొఱకు మార్చి వ్రాసెను. ఆటస్థలమును మూడు భాగములు చేసి, ఏ భాగమువారు ఆ భాగము దాటరాదనెను. ఎదుటివారి చేతినుండి బంతిని లాగికొనరాదు; మూడు క్షణములకు మించి పట్టుకొనరాదు. మఱుసటి యేట అచ్చటి బాలికలు పోటీ యాడినప్పుడు పురుషులను లోనికి రానీయలేదు. ఈ కట్టుబాటులను మేము పూర్తిగ నిందింపలేము. అవి లేకున్నచో ఆ కాలపు తల్లిదండ్రులు పిల్లలను ఆటస్థలమున అడుగిడనిచ్చెడివారు కారేమో. కాని కాలము మాఱినను కట్టుబాటు మాఱకుండుట వింత. స్థలమును రెండుగా చీల్చి ఆఱుగురాడు బాలికల యాట అయోవా రాష్ట్రమున 1993వఱకు నిలిచియుండెను.

ఇక మన జట్టునొద్దకు వత్తము. 1936లో, ఆర్థికమాంద్యము ఆ దేశమును పీడించుచున్న కాలమున, మిస్సోరీ రాష్ట్రమందలి కాస్ విల్లు అను చిన్నయూర ఓల్ సన్ అను నాతడు స్త్రీల జట్టును కూర్చెను. అతడంతకుమున్ను పురుషుల జట్టును ఊరూర త్రిప్పి యాడించిన యనుభవశాలి. అతని భార్య డోయిల్ కేశాలంకరణశాలలు నడుపుచుండెను. వానిలో పనిచేయు యువతులే జట్టునకు మొదటి క్రీడాకారిణులైరి. అందఱును కురులకు ఎఱ్ఱరంగు వేసికొనిరి; సహజముగ ఎఱ్ఱజుట్టు గలవారికి మాత్రము ఆ పని తప్పినది. జట్టు పేరు 'ఆల్ అమెరికన్ రెడ్ హెడ్స్'. మన భాషలో 'ఎఱ్ఱజుట్టు జట్టు' అనిన చెవికింపుగ నుండును.

ఈ జట్టు ప్రతిజ్ఞ యొక్కటే: ఎదుట పురుషులే యుండవలెను, నియమములును పురుషులవే కావలెను. ఐదుగురు స్థలమంతయు పరుగెత్తి యాడవలెను. స్త్రీలు సగము స్థలము దాటిన గుండె ఆగిపోవునని వ్యాయామశాస్త్రజ్ఞులు బెదరించుచుండిన దినములవి! ఏటికి ఏడు మాసములు, ఇంచుమించు రెండువందల ఆటలు. క్రీడాకారిణులు, సామానులు అన్నియు ఒక్క పొడుగుపాటి మోటారుకారులో. నేడొక యూరు, ఱేపొక యూరు. ఎదుటి పక్షమున ఆ యూరి వర్తకులు, పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు, పూర్వవిద్యార్థులు. టిక్కెట్టు సొమ్ములో కొంత ఊరి పాఠశాలకో ధర్మకార్యమునకో చెందుట వాడుక. మేము ఉపాధ్యాయుని యింటివారము గనుక, ఊరివారందఱు చూచుచుండగా ఆ ఎఱ్ఱకురుల వనితలచే ఓడిపోవు పంతులుగారి ముఖమును ఊహించుకొని మిక్కిలి నవ్వుకొంటిమి. మా వారు మాత్రము నవ్వలేదు.

జనులకు వినోదము కూడ కావలెను గదా. ఒకతె మఱియొకతె వీపుపై నెక్కి బుట్టలో బంతి వేయును. ఒకతె మోకాళ్ళపై నిలిచి వేయును. పెదవులకు రంగు, ముఖమునకు అలంకారము తప్పరాదు. ఇది మా మనస్సునకు కొంత కష్టము కలిగించినది. నరకాసురునితో పోరిన సత్యభామ అలంకారమును వీడలేదు, నిజమే. కాని ఆమె నెవ్వరును ఆ నగలు ధరించిననే యుద్ధమునకు రమ్మని షరతు పెట్టలేదు. వీరికి షరతు పెట్టిరి. జుట్టు ఎఱ్ఱబడిననే ఆట, ఆట యున్ననే జీతము. ఆ షరతునకు లోబడి వారు నేర్చిన విద్య మాత్రము బొంకు కాదు. 1948లో శిక్షకుడై వచ్చి, తరువాత జట్టునే కొని ఆర్కాన్సా రాష్ట్రమందలి కారవే యను ఊరికి తరలించిన ఆర్వెల్ మూర్ గారి భార్య లొరీన్, పదునొకండేండ్లలో 35,426 పాయింట్లు సాధించినది. దంపతు లిరువురును ఒక్క జట్టును పోషించిరి. అతడు శిక్షకుడు, ఆమె క్రీడాకారిణి.

మాకు అందఱికంటె ప్రియమైనది హేజెల్ వాకర్ చరిత్రము. ఆర్కాన్సాలో పుట్టిన యామెకు చెరోకీ జాతి రక్తసంబంధము కలదు. 1940లో భర్త ప్రమాదమున మరణించెను. ఆమె ఉద్యోగము చేసికొనుచు, జీతములేని పోటీలలో ఆడుచు, పదునొకండు మారులు దేశములోని శ్రేష్ఠక్రీడాకారిణులలో నొకతెగ ఎన్నికయ్యెను. 1946లో ఎఱ్ఱజుట్టు జట్టున చేరెను. మూడేండ్లలో ఆ కొలువు విడిచి, 1949లో తానే యొక జట్టును స్థాపించెను: 'హేజెల్ వాకర్ ఆర్కాన్సా ట్రావెలర్స్'. ఆ పేరున జుట్టు ప్రసక్తి లేదు. యజమానురాలి పేరు, ఆమె రాష్ట్రము పేరు, అంతే. విరామసమయమున ఆమె ఆ యూరి పురుషులలో నేర్పరి యగువానిని పిలిచి, పదునైదు అడుగుల గీతనుండి బుట్టలో బంతి వేయు పందెము పెట్టెడిది. నిలుచుండి వేయును, మోకాళ్ళపై వేయును, నేలపై కూర్చుండి వేయును. ఆ పందెములలో ఒక్కమారైన ఓడలేదని ప్రసిద్ధి. పదునాఱేండ్లు జట్టును నడపి 1965లో చాలించెను.

1972లో చదువులయందు స్త్రీపురుష భేదము చూపరాదను శాసనము వచ్చిన తరువాత కళాశాలల బాలికలకు ఆట తలుపులు తెఱచుకొనినవి. 1978లో స్త్రీలకు స్త్రీలతోడనే పోటీలు పెట్టు వృత్తిసమాఖ్య యొకటి ఎనిమిది జట్లతో మొదలయ్యెను. మిల్వాకీలో జరిగిన మొదటి యాటకు ఏడువేలకు పైగా జనులు వచ్చిరి. అంత జనము వచ్చినను ధనము నిలువలేదు. జీతములు బాకీపడి 1981లో అది మూతపడెను. ఊరూర తిరుగు ఎఱ్ఱజుట్టు జట్టు దానికంటె అయిదేండ్లు అధికముగ బ్రతికి, 1986లో, ఏబదియవ యేట, ఆట చాలించెను. ఇంకొక పదునొకండేండ్లకు, 1997లో, డబ్ల్యూ.ఎన్.బి.ఏ. ఆటలు మొదలైనవి. రంగు జుట్టు షరతు లేదు.

స్ప్రింగ్ ఫీల్డులో నైస్మిత్ పేరిట వెలసిన కీర్తిమందిరమున 2012లో ఆ ఎఱ్ఱజుట్టు జట్టునకు స్థానమొసగిరి. స్త్రీల వృత్తిజట్లలో అచ్చట చేరినది అదియే మొదటిది.