ఏజ్ బార్: కొలువుకు అడ్డుపడే అంకె

పనికి కావలసిన చదువు, నేర్పు, అనుభవం ఉన్నా వయసు దాటిందన్న ఒక్క కారణంతో మనిషిని పక్కన పెట్టడమే వయోవివక్ష. ఉత్తర తెలంగాణలో ఈ పేరు పెద్దగా వినిపించదు. అక్కడ అందరికీ తెలిసిన మాట ‘ఏజ్ బార్’. కరీంనగర్‌లో గ్రూప్స్‌కు చదివే అభ్యర్థికీ, జగిత్యాల నుంచి గల్ఫ్ వీసా కోసం తిరిగే మేస్త్రీకీ, తండ్రి స్థానంలో బొగ్గు బాయి కొలువు కోసం ఎదురుచూసే గోదావరిఖని యువకుడికీ అర్థం విడమర్చి చెప్పనక్కరలేదు.

అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో ఈ ధోరణికి ‘ఏజిజం’ అని పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి వయసు విషయంలో ఏదో ఒక చిన్నచూపు ఉంది. కులం, మతం, లింగం పేరిట జరిగే వివక్షకూ దీనికీ ఒక తేడా ఉంది. ఈ రోజు దీన్ని పాటించేవారు కూడా బతికి ఉంటే రేపు దీని బారిన పడేవారే. అయినా ఇది తప్పని చాలామందికి తోచదు. వయసుతోపాటు పని తగ్గుతుందన్నది అందరూ ఒప్పుకున్న లోకరీతిగా చలామణి అవుతోంది.

ఒక మనిషి, నాలుగైదు వృద్ధాప్యాలు

మనిషి ఏ వయసుకు ‘పెద్దవాడు’ అవుతాడన్నది అతను ఏ గుమ్మం ముందు నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణలో ప్రభుత్వ నియామకాలకు సాధారణ గరిష్ఠ వయసు 34 ఏళ్లు. రాష్ట్రం వచ్చాక దాన్ని 44కు సడలించారు, 2024లో 46కు పెంచారు. ఉద్యోగంలో ఉన్నవారి పదవీ విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. ఆసరా వృద్ధాప్య పింఛనుకు అర్హత వయసు మాత్రం 2022లో 65 నుంచి 57కు తగ్గింది. నేత కార్మికులకు, గీత కార్మికులకు 50 ఏళ్లకే పింఛను వస్తుంది. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం 60 నిండినవారినే వృద్ధులంటుంది.

ఈ లెక్కన 58 ఏళ్ల వ్యక్తి కొత్తగా సర్కారు కొలువు అడిగితే పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు. ఇప్పటికే కొలువులో ఉంటే ఇంకో మూడేళ్లు పనికొస్తాడు. పింఛను జాబితాలో ఏడాది కిందటే వృద్ధుడైపోయాడు. ఇందులో ఏ అంకె కూడా అతని చేతి పనిని చూసి పెట్టింది కాదు. పింఛను వయసును దయతోనో, ఓట్ల కోసమో తగ్గిస్తారు. విరమణ వయసును ఖజానా లెక్కను బట్టి పెంచుతారు. నియామక వయసును నోటిఫికేషన్లు ఆలస్యమైనప్పుడు సడలిస్తారు. తెలంగాణ ఏర్పడింది 2014లో అయితే, రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ వెలువడింది 2022లో. ఆ ఎనిమిదేళ్లలో అభ్యర్థుల వయసు ఆగలేదు. ఆలస్యం ప్రభుత్వానిది, ఏజ్ బార్ అయింది అభ్యర్థికి.

బొగ్గు బాయిలో వయసు లెక్క

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఉద్యోగమంటే ముందుగా గుర్తొచ్చేది సింగరేణి. రామగుండం, మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ఈ గనుల చుట్టూ పెరిగిన ఊళ్లే. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు దిగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, తట్ట చెమ్మస్‌తో బొగ్గు నింపే పని స్థానంలో యంత్రాలు, మట్టి తీసే పనిలో కాంట్రాక్టు కార్మికులు వచ్చారు.

గనిలో వయసు మొదటి నుంచీ కాగితం మీది వ్యవహారమే. కార్మికుడి పేరు, పుట్టిన తేదీ ‘ఫారం-బి’ రిజిస్టరులో నమోదవుతాయి. తొలి తరాల్లో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. బడికి పోని కుర్రవాడికి ముఖం చూసి వయసు వేసిన రోజులవి. మారుపేర్లతో చేరినవారూ ఉన్నారు. ఆ వివాదాలను తేల్చడానికి బొగ్గు పరిశ్రమలో ‘ఐఐ-76’ అనే ప్రత్యేక నిబంధన తేవలసి వచ్చింది. రిజిస్టరులో పడ్డ ఒక అంకె తేడాతో రెండేళ్లు ముందుగా ఇంటికి పోయేవాడు ఒకరైతే, రెండేళ్లు అదనంగా బాయిలో దిగేవాడు ఇంకొకరు.

కాగితానికి ఎక్కని జ్ఞానం మరొకటి ఉంది. భూగర్భ గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును పొడవాటి కర్రతోనో ఇనుప చువ్వతోనో తట్టి చూస్తారు. బండ గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా, డోలు మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఒక చేతిని కప్పుకు ఆనించి, రెండో చేత్తో తడుతూ ఆ అదురును వేళ్లతో పసిగట్టేవారుంటారు. శిక్షణ తరగతిలో ఈ పద్ధతిని ఒక పూటలో చెప్పొచ్చు. ఏ మోతకు వెనక్కి దూకాలో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఆ చెవి ఉన్న మనిషి రిటైరయిన రోజున ఏ రిజిస్టరులోనూ ఆ లోటు నమోదు కాదు.

సింగరేణిలో విరమణ వయసును 2021లో 60 నుంచి 61కి పెంచారు. అనారోగ్యంతో ‘మెడికల్ అన్‌ఫిట్’ అయిన కార్మికుడి స్థానంలో వారసుడికి కారుణ్య నియామకం ఇస్తారు. ఆ వారసుడి గరిష్ఠ వయసు 35గా ఉండేది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేయడం, ఆ తర్వాత పథకం కారుణ్య నియామకాల రూపంలో తిరిగి రావడం, దరఖాస్తులు మెడికల్ బోర్డు దగ్గర ఎదురుచూడటం, వీటి మధ్య ఎందరో వారసులకు ఈడు దాటింది. కార్మిక సంఘాలు ఏళ్లపాటు అడిగాక 2024లో ఆ పరిమితిని 40కి పెంచారు. ఒకే ఇంట్లో తండ్రి పనికి వయసు మీరినవాడు, కొడుకు కొలువుకు వయసు మీరినవాడు కావడం బొగ్గు బెల్టులో వింత కాదు.

మూతపడి తెరుచుకున్న కార్ఖానాలు

ఫ్యాక్టరీ మూతపడితే యువకుడు ఇంకో ఊరు చూసుకుంటాడు. యాభైకి దగ్గరపడ్డ కార్మికుడికి ఆ దారి ఇరుకవుతుంది. రామగుండంలో బొగ్గు ఆధారంగా నడిచిన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట ఆర్‌ఎఫ్‌సీఎల్ కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మధ్యలో 22 ఏళ్లు. మూత నాటికి 38 ఏళ్లున్న ఆపరేటరుకు తెరిచే నాటికి 60 నిండాయి. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లే 50 ఏళ్ల కార్మికుణ్ణి 54కు చేర్చాయి.

ఇలాంటి విరామంలో మనిషి కూలికి పోతాడు, ఆటో నడుపుతాడు, అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదురుతాడు. మళ్లీ తన పనికే దరఖాస్తు పెట్టినప్పుడు ఆ ఖాళీ ఏళ్లు వయసుకు కలుస్తాయి గానీ అనుభవానికి కలవవు.

గల్ఫ్ గీసిన గీత

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు వయసు పరిమితి మరీ ముందు ఎదురవుతుంది. తాపీ, వెల్డింగ్, డ్రైవింగ్ పనుల ప్రకటనల్లో జీతం, భోజనం, బసతోపాటు వయసు కూడా అచ్చవుతుంది. గల్ఫ్ ఒక్కటే కాదు. ఇటీవల ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఎన్‌ఎస్‌డీసీ ద్వారా జరిగిన ఎంపికల్లో 25 నుంచి 45 ఏళ్ల వారినే తీసుకున్నారు, పైగా అనుభవం తప్పనిసరి అన్నారు. అనుభవం కావాలి, కానీ అది ఒక వయసులోపే రావాలన్నది ఆ షరతుల సారాంశం.

కువైట్ ఈ గీతను చట్టంగానే గీసింది. 60 ఏళ్లు నిండి, ఇంటర్ స్థాయికి మించిన చదువు లేని విదేశీ కార్మికుల వర్క్ పర్మిట్లను పునరుద్ధరించబోమని 2020లో నిర్ణయించి, 2021 నుంచి అమలు చేసింది. దానిపై అక్కడే న్యాయపరమైన అభ్యంతరం వచ్చాక 2022లో 250 దినార్ల రుసుము, ప్రైవేటు ఆరోగ్య బీమా షరతులతో సడలించింది. ఆ తర్వాత ఆంక్షను ఎత్తివేసింది. ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసినవారికి చదువు కాగితం లేకపోవడం ఒక్కటే అడ్డయింది. ఇంటికి తిరిగొచ్చినవారికి ఊళ్లో ఎదురయ్యే ఇబ్బంది కూడా ఇదే తీరు. క్రేన్ నడిపిన చేతికి ఇక్కడి కంపెనీ అడిగే సర్టిఫికెట్ ఉండదు.

ఎవరూ చెప్పని పరిమితి

నియామకపత్రం లేని పనుల్లో ఏజ్ బార్ అన్న మాట వినపడదు, పని మాత్రం తగ్గిపోతుంది. కరీంనగర్, నిర్మల్ వైపు బీడీలు చేసే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కన కూలి. ఒళ్లో చాట పెట్టుకుని, నానిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొస మడవాలి. చూపు మందగించి, వేళ్లు బిగుసుకున్నాక వెయ్యి చేసే చేయి ఐదారు వందల దగ్గర ఆగుతుంది. ఎవరూ తీసేయరు, కూలి మాత్రం సగమవుతుంది.

దీనికి భిన్నంగా నడిచింది 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. దానికింద పనికి 18 ఏళ్లు నిండితే చాలు, పైన ఏ పరిమితీ ఉండేది కాదు. ఎండాకాలం చెరువు పూడిక పనుల్లో పలుగు పట్టిన అరవై ఏళ్ల అవ్వలు, తాతలు కనపడటానికి కారణం అదే.

తెర మీద పెద్దవాళ్లు

నియామకాల్లోని చిన్నచూపును మీడియా పెంచి పోషిస్తుంది. ప్రకటనల్లో వృద్ధులు మోకాళ్ల నొప్పుల నూనెకో, ఆరోగ్య బీమాకో కనిపిస్తారు. బైకుకూ, ఫోనుకూ యువకులే. సినిమాల్లో ముసలి పాత్ర అంటే చాదస్తమో, చావు మంచమో. టీవీలో వార్తలు చదివే ముఖాలకూ, ముఖ్యంగా ఆడవాళ్లకు, తెర మీద ఆయుష్షు తక్కువ.

దీనికి గట్టి మినహాయింపు ఈ ప్రాంతం నుంచే వచ్చింది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లికి చెందిన మిల్కూరి గంగవ్వ కూలి పనులు చేసుకుంటూ, పెద్ద వయసులో ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్‌తో తెర మీదికి వచ్చింది. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్‌లో పాల్గొంది. ఆమె యాసను, తడుముకోని మాటను జనం ఇష్టపడ్డారు. పెద్దవయసువారిని ప్రేక్షకులు చూడరన్న వాదన ఎంత బలహీనమైనదో ఈ ఆదరణ చూపింది. ఆమెను ఏ ఆడిషన్‌కూ పిలవలేదు, ఊళ్లోని కుర్రాళ్లు కెమెరా ఆమె వైపు తిప్పారు.

చట్టం ఎక్కడిదాకా

రాజ్యాంగంలోని 16(2) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా వివక్ష చూపరాదంటుంది. ఆ జాబితాలో వయసు లేదు. ప్రైవేటు నియామకాల్లో వయోవివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. అమెరికాలో 40 దాటినవారికి రక్షణనిచ్చే చట్టం 1967లోనే వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2000లో వయసును కూడా వివక్ష కారణాల్లో చేర్చింది.

తొలగింపు విషయంలో మాత్రం మన చట్టం సీనియర్ల పక్షాన ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం సిబ్బందిని తగ్గించేటప్పుడు చివర చేరినవారిని ముందు తీసేయాల్సి ఉండేది. మళ్లీ తీసుకునేటప్పుడు తీసేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాల్సి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ సూత్రాలున్నాయి. కానీ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పనుల్లో ఇవి కార్మికుడికి అందడం కష్టం.

వయసు విషయంలో తెలుగునాట జరిగిన అతి పెద్ద న్యాయపోరాటం 1983 నాటిది. ఎన్టీఆర్ ప్రభుత్వం నిరుద్యోగ యువతకు చోటు కల్పించాలంటూ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని 1985లో కె.నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం మళ్లీ 58కి పెంచి, ఇంటికి పంపినవారిని మాత్రం వదిలేయగా, వారికీ ఆ మేలు దక్కాలని అదే ఏడాది బి.ప్రభాకర్ రావు కేసులో కోర్టు తీర్పు ఇచ్చింది.

పరీక్ష పెట్టాల్సింది దేనికి

పెద్దవారిని వద్దనేవారి వాదనలు మూడు. జీతం ఎక్కువ అడుగుతారని, కొత్త యంత్రాలు నేర్చుకోలేరని, యువతకు అడ్డమవుతారని. మొదటిది బేరంలో తేలే విషయం. రెండోది పని చేయించి చూస్తే తెలుస్తుంది. మూడో వాదనలో కొంత నిజముంది. గనుల్లో కొలువులు తగ్గుతున్న చోట తండ్రి విరమణ వయసు పెరిగితే కొడుకు ఎదురుచూపు పెరుగుతుంది. అయితే అది విరమణకు సంబంధించిన చిక్కు. నలభై అయిదేళ్ల వెల్డరును గేటు బయటే ఆపడానికి అది కారణం కాజాలదు.

కాగితం లేని అనుభవానికి కాగితం ఇచ్చే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. కేంద్ర నైపుణ్య పథకంలో ‘ఆర్‌పీఎల్’ కింద, పని ఎక్కడ నేర్చుకున్నా పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. 60 దాటి పని వెతుక్కునేవారి కోసం కేంద్రం 2021 అక్టోబరు 1న ‘సేక్రెడ్’ పోర్టల్ తెచ్చింది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది.

వయసు బదులు సామర్థ్యాన్ని కొలిచే పద్ధతి ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1955 నాటి గనుల నియమాలు గని కార్మికుడికి కనీసం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష పెట్టాయి. చూపు, వినికిడి, ఊపిరితిత్తులు చూసి, పనికి సరిపోతాడో లేదో నిర్ణయిస్తారు. అరవై దగ్గరపడ్డ కార్మికుణ్ణి భూగర్భంలోకి పంపే ముందు అడిగే ఈ ప్రశ్ననే, నేల మీది కొలువు అడిగే నలభై అయిదేళ్ల మనిషి దగ్గర కూడా అడగవచ్చు.