పటంపై కరవు – పచ్చికపై కరవు: నెబ్రాస్కా పశుపోషకులకు విపత్తు సహాయం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కౌంటీ అనేది ఇంచుమించు మన జిల్లా వంటి పాలనా విభాగం. నెబ్రాస్కాలోని చెర్రీ కౌంటీ వైశాల్యం సుమారు 15,500 చదరపు కిలోమీటర్లు కాగా, జనాభా 6,000 లోపే. ఇసుక దిబ్బలను కప్పిన సహజమైన పచ్చిక బయళ్లు, వాటిపై మేసే ఆవుల మందలే ఆ ప్రాంతపు జీవనాధారం. ఇటువంటి చోట వాన కురవకపోతే ప్రభుత్వ సహాయం ఏ ప్రాతిపదికన అందుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

2008 నాటి వ్యవసాయ చట్టం పశుగ్రాస విపత్తు సహాయ పథకాన్ని ఏర్పరచింది. ఇందులో ఏ అధికారీ బయలుకు వచ్చి ఎండిన గడ్డిని కొలవడు. ప్రతి గురువారం వెలువడే జాతీయ కరవు పటమే ప్రమాణం. 2014 చట్టం ప్రకారం, మేత కాలంలో వరుసగా 8 వారాలు ‘తీవ్ర’ కరవు ఉంటే ఒక నెల చెల్లింపు, ‘అతి తీవ్ర’ స్థాయి ఒక్కసారి నమోదైనా మూడు నెలల చెల్లింపు లభిస్తాయి. చెల్లింపు నెలసరి మేత ఖర్చులో 60 శాతం. 2025లో ఆ 8 వారాల నిబంధనను 4 వారాలకు సడలించారు.

కౌంటీలో ఏ కొంత భాగం ఆ స్థాయికి చేరినా కౌంటీ మొత్తానికీ అర్హత వస్తుంది. కనుక చెర్రీ వంటి విశాలమైన కౌంటీలో ఒక మూల ఎండితే, వంద కిలోమీటర్ల దూరాన గడ్డి పచ్చగా ఉన్నవారూ అర్హులే. సరిహద్దుకు ఆవల, అంతే ఎండిన బయలు గలవారికి ఏమీ రాకపోవచ్చు. త్వరగా చెల్లించడానికి ఇచ్చిన మూల్యం ఇది. నష్టాన్ని ఒక్కొక్క బయలులో అంచనా వేయడానికి పట్టే కాలాన్ని తలచుకుంటే, ఆ మూల్యం సమంజసమేనని నా అభిప్రాయం.

అయితే త్వరితగతి నియమాలలో ఉంటే చాలదని 2012 రుజువు చేసింది. నమోదైన చరిత్రలో నెబ్రాస్కాకు అది అత్యంత అనావృష్టి సంవత్సరం. ఆ ఏడాది చివరికి రాష్ట్రంలో 70 శాతానికి పైగా భూభాగం ‘అసాధారణ’ కరవు కిందికి వచ్చింది. పథకం మాత్రం 2011 సెప్టెంబరు 30తోనే గడువు తీరిపోయింది! 2014 ఫిబ్రవరిలో కొత్త చట్టం దానిని శాశ్వతం చేసి, పాత నష్టాలకూ వర్తింపజేసింది. దరఖాస్తులు ఏప్రిల్ 15న మొదలయ్యాయి. మేత కొనలేనివారు ఆ లోపుననే ఆవులను తెగనమ్ముకోవలసి వచ్చింది. కరవు వల్ల అమ్మిన పశువులకూ చెల్లింపు ఉంది. కాని అది సాధారణ రేటులో 80 శాతమే. పెయ్య ఎదిగి ఈనడానికి రెండేళ్లు పడుతుంది గనుక, చెదరిన మంద ఆ సొమ్ముతో వెంటనే తిరిగి రాదు.

తెలుగు పరిశోధకులు గమనింపదగిన మరొక అంశం కౌలు. ఈ పథకంలో సొమ్ము పశువులు గల కౌలుదారుకే చెందుతుంది. బయలును నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి కాదు.