4.9 దగ్గర పడిపోయే కరెంట్

0కి 1కి మధ్యలో ఏమీ ఉండదంటే మా సీఎస్ఈ వాళ్లకి వింతేం కాదు. కానీ పరమాణువు కూడా అలాంటిదే అని చూపించిన ప్రయోగం నాకు భలే నచ్చింది.

1914, బెర్లిన్. జేమ్స్ ఫ్రాంక్, గుస్తావ్ హెర్ట్జ్ ఒక గాజు ట్యూబ్‌లో పాదరసం ఆవిరి నింపారు. వేడి తీగ నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, గ్రిడ్ వోల్టేజ్ వాటి వేగం పెంచుతుంది. గ్రిడ్ దాటాక చిన్న ఎదురు వోల్టేజ్ ఉంటుంది. దాన్ని దాటేంత శక్తి మిగిలినవే ప్లేట్‌కి చేరతాయి. మనం కొలిచే కరెంట్ అదే.

వోల్టేజ్ పెంచితే కరెంట్ పెరుగుతూ పోయి, ఒక్కసారిగా పడిపోతుంది. మళ్లీ పెరుగుతుంది, మళ్లీ పడుతుంది. ప్రతి 4.9 వోల్టులకీ ఇదే వరస!

ఎందుకంటే, పాదరసం పరమాణువు ఎలక్ట్రాన్ కంటే మూడున్నర లక్షల రెట్లకు పైగా బరువు. శక్తి తక్కువున్న ఎలక్ట్రాన్ దాన్ని గుద్దుకున్నా దాదాపు ఏమీ పోగొట్టుకోకుండా వెనక్కి ఎగురుతుంది. 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు చేరితే మాత్రం పరమాణువు ఆ మొత్తం లాగేసుకుంటుంది. అక్కడ బేరాల్లేవు, సగం తీసుకోవడాల్లేవు. తీసుకున్న శక్తిని తర్వాత 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిగా వదిలేస్తుంది.

అసలు మలుపు ఇక్కడుంది. 4.9 అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోయే శక్తి అని వాళ్లిద్దరూ అనుకున్నారు. కాదు, లోపలి ఎలక్ట్రాన్ పై మెట్టుకి ఎక్కే శక్తి అని 1915లో నీల్స్ బోర్ అన్నాడు. ఊడాలంటే 10.4 కావాలి. బోర్ మాటే నిలిచింది. అయినా 1925 నోబెల్ ఫ్రాంక్, హెర్ట్జ్‌లకే వచ్చింది.

వివరణ తప్పినా రీడింగ్స్ నిజం కాబట్టే ఆ ప్రయోగం బతికింది. గ్రాఫ్ అందంగా రావాలని రీడింగ్స్ సర్దేసేవాళ్లకి ఇది చెప్పాలనిపించింది.