పచ్చిక యంత్రమునకు ఆకాశ మార్గదర్శనము

ఐరోపా, అమెరికా దేశములలో మనిషి తోడు లేకయే పచ్చికను కోయు యంత్రములు నేడు వాడుకలో నున్నవి. వానిలో కొన్నింటికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీ.పీ.ఎస్. ఉపగ్రహములు దారి చూపును. ఆ సంకేతములు నేల చేరునప్పటికి మిక్కిలి క్షీణించును. పైగా గోడలకు, నేలకు తగిలి వచ్చిన సంకేతము దూరమును ఎక్కువగా చూపుటచే యంత్రము దారి తప్పి పూలమడిని కోసివేయును.

దీనికి విరుగుడు మేలైన యాంటెన్నాయే. 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్ అను రెండు పౌనఃపున్యములను గ్రహించు యాంటెన్నా వలన స్థాననిర్ణయము త్వరగా కుదురును. దాని అడుగున లోహపు పలక నుంచినచో నేల నుండి ప్రతిఫలించు సంకేతములు చాలవరకు తగ్గును. స్థిరకేంద్రపు యాంటెన్నాను చెట్లు మరుగుపరచని ఇంటికప్పుపై నిలిపి సవరణలను పంపినచో, మీటర్లలోని పొరపాటు సెంటీమీటర్లకు దిగును.

ఎంతటి యంత్రమైనను చక్కగా విన్నప్పుడే చక్కగా నడచును.