థైరాయిడ్ మాత్ర విషయంలో డాక్టరుతో మాట కలవకపోతే

టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది. ల్యాబ్ రిపోర్టులో ఆ అంకె ఒక్కటే ముద్దక్షరాల్లో ఉంది. ఉండాల్సింది 0.4 నుంచి 4.5 అని పక్కనే అచ్చువేశారు. కింద ఫ్రీ టీ4 వరుసలో ఏ గుర్తూ లేదు, అంటే అది సరిగ్గానే ఉంది. ఈ కాగితం పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరకు వెళ్తే ఒకరు ‘రేపటి నుంచే 25 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోండి, ఇక జీవితాంతం వాడాలి’ అనొచ్చు. ఇంకొకరు ‘ఇప్పుడే మందు అక్కర్లేదు, మూడు నెలలాగి మళ్లీ చేయిద్దాం’ అనొచ్చు. ఏది సరైనదో తేలక, మందంటే ఇష్టం లేనివాళ్లు రెండో డాక్టరు మాట పట్టుకుంటారు. ఒంట్లో నలతగా ఉన్నవాళ్లు మొదటి డాక్టరు మాట వింటారు.

ఇంకో రకం పేచీ మాత్ర మొదలుపెట్టాక వస్తుంది.

“రిపోర్టు నార్మల్‌గానే ఉందమ్మా. ఇదే డోసు వాడండి.”

“నార్మలే గానీ డాక్టరు గారూ, నాకేం తేడా తెలీడం లేదు. పొద్దున్నే లేవబుద్ధి కాదు. దువ్వెన పెడితే జుట్టు చేతికొచ్చేస్తోంది.”

“అది థైరాయిడ్ వల్ల కాదమ్మా.”

అక్కడితో మాట ఆగిపోతుంది, తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేస్తారు. ఆవిడ బయటికొచ్చి వేరే డాక్టరును వెతుక్కుంటుంది. లేదా చుట్టాలెవరో చెప్పారని డోసు తనే పెంచుకుంటుంది.

రెండు చోట్లా పేషెంటుకు అభ్యంతరం చెప్పే హక్కుంది. నా ఉద్దేశంలో చెప్పి తీరాలి కూడా. ఏ అంకె దగ్గర మాట కలవడం లేదో ఆ అంకె ఎలా వస్తుందో తెలిసి ఉంటే ఆ అభ్యంతరానికి బలం ఉంటుంది.

మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4 అనే హార్మోను. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. ఒంట్లోని కణజాలాల్లో వాటిలో ఒకటి ఊడిపోతే టీ3 అవుతుంది, కణాల్లో అసలు పని చేసేది ప్రధానంగా అదే. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో ఈ రెండూ ఎంతున్నాయో కనిపెడుతూ టీఎస్‌హెచ్ వదులుతుంది. కూలీలు నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచినట్టు, థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. రిపోర్టులో మనం చూసేది ఆ మేస్త్రీ గొంతునే. టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగగలదు. గ్రంథి కాస్త తడబడినా ముందుగా పట్టిచ్చేది ఈ పరీక్షే. అయితే అంత సున్నితమైన అంకె చిన్నచిన్న కారణాలకు కూడా కదులుతుంది.

టీఎస్‌హెచ్ రాత్రిపూట ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. ఒకే మనిషికి ఒకే రోజు రెండు వేళల్లో రక్తం తీస్తే అంకెలు తేడా రావచ్చు. పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు కొన్నాళ్లు పెరిగి దానంతటదే దిగుతుంది. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ యంత్రాల్ని తప్పుదోవ పట్టించి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. వాటిని పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. వయసు సంగతి వీటన్నిటికంటే ముఖ్యం. అమెరికాలో పెద్దఎత్తున జరిగిన ఒక ఆరోగ్య సర్వే లెక్కల్ని పరిశీలిస్తే, 80 దాటినవాళ్లలో ఏ థైరాయిడ్ జబ్బూ లేకపోయినా టీఎస్‌హెచ్ 7.5 దాకా ఉండొచ్చని తేలింది. మన రిపోర్టుల మీద మాత్రం పాతికేళ్ల అమ్మాయికీ ఎనభై ఏళ్ల బామ్మగారికీ చాలాసార్లు ఒకే హద్దు అచ్చవుతుంది.

టీఎస్‌హెచ్ పెరిగి టీ4 మామూలుగా ఉండే ఈ స్థితిని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 8 శాతం మందికి ఇది ఉంది. వీళ్లందరికీ మందు వేయాలా? 2017లో వెలువడిన ‘ట్రస్ట్’ అనే యూరప్ పరిశోధనలో, 65 దాటిన 737 మందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు అసలు మాత్ర, ఇంకో జట్టుకు మందులేని మాత్ర ఇచ్చారు. ఏడాది గడిచాక అలసటలో గానీ, ఇతర లక్షణాల్లో గానీ రెండు జట్లకూ తేడా లేదు. ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసిన అంతర్జాతీయ నిపుణుల బృందం 2019లో, ఈ స్థితిలో ఉన్న పెద్దవాళ్లకు మామూలుగా మాత్ర మొదలుపెట్టవద్దని గట్టిగానే సిఫారసు చేసింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలు, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్లు, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లు, బాగా చిన్న వయసువాళ్లకు మాత్రం ఆ సిఫారసు వర్తించదని కూడా చెప్పింది. టీఎస్‌హెచ్ 10 దాటితే చాలామంది డాక్టర్లు మందు వైపే మొగ్గుతారు.

కాబట్టి 6.8 చూసి ‘ఆగి చూద్దాం’ అన్న డాక్టరు నిర్లక్ష్యం చేసినట్టు కాదు. ఒక్క పరీక్షతోనే జీవితాంతం మాత్ర అన్నప్పుడు ‘డాక్టరు గారూ, ఇంకోసారి పరీక్ష చేయించి, టీపీఓ యాంటీబాడీలు కూడా చూశాక మొదలుపెడదామా?’ అని అడగడంలో తప్పేమీ లేదు. మళ్లీ చేయిస్తే మందు లేకుండానే మామూలుకు వచ్చేవాళ్లు చాలామందే. యాంటీబాడీలుంటే గ్రంథి మీద సొంత రోగనిరోధక శక్తే దాడి చేస్తోందనీ, మున్ముందు జబ్బు ముదిరే అవకాశం ఎక్కువనీ అర్థం. జపాన్ వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించిన జబ్బు ఇదే.

గర్భిణుల దగ్గర ఈ ‘ఆగి చూద్దాం’ కుదరదు. మొదటి నెలల్లో బిడ్డ సొంత థైరాయిడ్ పని మొదలుపెట్టదు, మెదడు ఎదగడానికి తల్లి రక్తంలోని టీ4 మీదే ఆధారపడుతుంది. ముందునుంచీ మాత్ర వాడుతున్నవాళ్లలో చాలామందికి గర్భం నిలిచిన వెంటనే డోసు పెంచాల్సి వస్తుంది. అది నిర్ధారణైన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇక రెండో పేచీ. అంకె బాగుంది, మనిషి బాగా లేదు. దీనికి పాత చరిత్రే ఉంది. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు, ఒళ్లంతా ఉబ్బి మందగించిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ సారాన్ని సూదితో ఎక్కించాడు. ఆ వైద్యంతో ఆమె మరో 28 ఏళ్లు బతికింది. గ్రంథి సారంలో టీ4, టీ3 రెండూ ఉంటాయి. పొడి చేసిన జంతు గ్రంథులే దశాబ్దాల పాటు మందు. 1970లో బ్రేవర్‌మన్ బృందం, థైరాయిడ్ పనిచేయని మనుషుల్లో కూడా టీ4 నుంచి టీ3 తయారవుతోందని చూపించింది. ఆ తర్వాత నికరమైన కొలతతో దొరికే టీ4 మాత్ర ఒక్కటే చాలన్నది వైద్యంలో నియమమైంది. మన మందుల షాపుల్లో దొరికే థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్ ఆ టీ4 మాత్రలే.

చాలామందికి అది నిజంగానే చాలు. ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ మాత్రం కొంత టీ3ని నేరుగా కూడా వదులుతుంది. ఒక్క టీ4 మాత్రే వాడేవాళ్లలో టీ4తో పోలిస్తే టీ3 పాలు కాస్త తగ్గుతుంది. 1999లో 33 మంది మీద చేసిన ఒక పరిశోధనలో రెండు హార్మోన్లూ కలిపి ఇస్తే మనసు, ఆలోచన మెరుగయ్యాయని రావడంతో పెద్ద ఆశ పుట్టింది. 2006లో 11 పరిశోధనల్ని, 1,216 మంది ఫలితాల్ని కలిపి చూస్తే తేడా కనిపించలేదు. అయినా కొన్ని పరిశోధనల్లో, తాము ఏ మందు వేసుకుంటున్నదీ తెలియకుండానే చాలామంది పేషెంట్లు కలిపి ఇచ్చిన మందునే ఇష్టపడ్డారు. అన్నీ సరిచూశాక కూడా నలత తగ్గనివాళ్లకు నిపుణుల పర్యవేక్షణలో ప్రయోగంగా ఇచ్చి చూడవచ్చని యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్ 2012లో చెప్పింది. అందుచేత ‘నార్మల్ వచ్చాక ఇంకేం బాధ?’ అని కొట్టిపారేసే డాక్టరుతో నేను ఏకీభవించను. థైరాయిడ్ వల్ల కాదన్నప్పుడు మరి దేనివల్లో వెతకాల్సింది కూడా డాక్టరే. రక్తహీనత, బీ12 లోపం, సరిగా నిద్ర లేకపోవడం, గురక జబ్బు, డిప్రెషన్, నెలసరి ఆగిపోయే వయసు, వీటన్నిటి లక్షణాలూ ఇంచుమించు ఇవే.

పేషెంటు వైపు నుంచి చూడాల్సింది కూడా ఉంది. ఈ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. కాఫీతో మింగితే మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి. పొయ్యి పక్క అల్మారాలో పెట్టిన సీసా వేడికీ తేమకూ గురై అందులో మందు బలం తగ్గుతుంది. షాపులో కంపెనీ మార్చి ఇస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పి ఆరు వారాలకు పరీక్ష చేయించుకోవాలి. కొందరు నెలంతా వదిలేసి రక్తపరీక్షకు ముందు నాలుగు రోజులు వేసుకుంటారు. అప్పుడు టీ4 బాగా కనిపిస్తుంది, టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉంటుంది. అసలు సంగతి తెలియని డాక్టరు డోసు పెంచుతారు. ఇక బరువు తగ్గుతామని సొంతంగా డోసు పెంచుకుంటే, టీఎస్‌హెచ్ అట్టడుక్కి పోయి గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. అరవై దాటినవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది, డాక్టరు మీద కోపంతో చెప్పకుండా మాత్ర మానేయడం. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మానేసిన మొదటి పది రోజులు మనిషి హాయిగానే ఉంటాడు. ‘చూశారా, ఆ మందు నాకు అవసరమే లేదు’ అనుకుంటాడు. ఆపరేషన్‌లో థైరాయిడ్ తీసేసినవాళ్లు, రేడియో అయోడిన్‌తో గ్రంథి పోగొట్టుకున్నవాళ్లు అలా నెలల తరబడి ఉండిపోతే ప్రాణం మీదకు వస్తుంది. మందు అవసరం లేదని మీకు గట్టిగా అనిపిస్తే, ‘డోసు తగ్గించి ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూద్దామా?’ అని అడగండి. ఒప్పుకోకపోతే కారణం అడగండి. ఆ కారణం నచ్చకపోతే పాత రిపోర్టులన్నీ తీసుకుని ఇంకో ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు వెళ్లండి. ఆ పని జరిగేదాకా మాత్ర మాత్రం రోజూ వేసుకోండి.