లోడు ట్రాలీతో ట్రాక్టర్ ఎంత స్పీడులో నడపాలి? డీజిల్ లెక్క, బ్రేకు లెక్క (వీడియోతో)



దుక్కులు మొదలయ్యే ముందు మన అందరి ఇళ్ళ దగ్గరా ఒకటే హడావుడి. పెంట, ఘనజీవామృతం, గడ్డి, విత్తనాల బస్తాలు, డ్రమ్ములు అన్నీ ట్రాలీకెక్కి పొలానికి పోవాలి. ఈ పనిలో ట్రాక్టర్ ఎన్ని హెచ్‌పీ, ఎన్ని టన్నులు లాగుతుంది అని అడిగేవాళ్ళే గానీ, లోడు మీద ఎంత స్పీడులో పోవాలి అని అడిగేవాళ్ళు తక్కువ. "రోడ్డు ఖాళీగా ఉందన్నా, కొంచెం తొక్కితే ఇంకో ట్రిప్పు పడుతుంది" అంటాడు డ్రైవర్. ఆ మాట ఎంతవరకు నిజమో ఈరోజు లెక్క వేసి చూద్దాం. ట్రాలీలో సరుకు ఎలా సర్దాలి, బ్రేకు పెడళ్ళకు లాక్ ఎలా వేయాలి అన్నవి పై వీడియోలో చూడండి. లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ట్రాక్టర్ ఎంత లాగగలదు అన్నదాన్ని బట్టి కాదు, ఎంత దూరంలో ఆగగలదు అన్నదాన్ని బట్టి స్పీడు పెట్టుకోవాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

లాగేది ట్రాక్టర్, తోసేది ట్రాలీ

45 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు సుమారు 2 టన్నులు. ట్రాలీ, అందులోని పచ్చి పెంట కలిపి 6 టన్నులు అనుకుందాం. మొత్తం 8 టన్నులు. మన ఊళ్ళలో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు, ఉన్నా పనిచేయవు. అంటే 8 టన్నుల్ని ఆపాల్సింది ట్రాక్టర్ వెనక చక్రాలు రెండే. వాటి మీద పడే బరువు, కొక్కెం మీద ట్రాలీ మోపే బరువుతో కలిపి సుమారు 2 టన్నులు. నాలుగో వంతు బరువున్న చక్రాలతో మొత్తం బండిని ఆపుతున్నామన్నమాట.

పొడి తారు రోడ్డు, బ్రేకులు మంచి కండిషన్‌లో ఉన్నాయి, అడ్డం వచ్చింది చూసి డ్రైవర్ కాలు బ్రేకు మీదకు పోవడానికి ఒకటిన్నర సెకను పట్టింది అనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

- గంటకు 15 కి.మీ. స్పీడులో: ఆగడానికి సుమారు 12 మీటర్లు
- 20 కి.మీ.లో: సుమారు 19 మీటర్లు
- 30 కి.మీ.లో: సుమారు 36 మీటర్లు
- 40 కి.మీ.లో: సుమారు 58 మీటర్లు

20 నుంచి 40కి పోతే స్పీడు రెండింతలే, ఆగే దూరం మాత్రం మూడింతలు. ఎందుకంటే బండిలో ఉండే ఊపు స్పీడుతో పాటు పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే ఊపు నాలుగింతలు.

ఇది సమంగా ఉన్న రోడ్డు మీద లెక్క. కాలువ కట్ట దిగేచోట పది అడుగులకు ఒక అడుగు వాలు ఉందనుకోండి. అక్కడ 20లో దిగితే ఆగడానికి దాదాపు 40 మీటర్లు, 30లో దిగితే 80 మీటర్లు దాటుతుంది. వాన పడి మట్టి తడిగా ఉంటే బ్రేకు పట్టి చక్రాలు ఆగినా బండి ఆగకపోవచ్చు. వెనక ట్రాలీ తోసుకుంటూ వచ్చేస్తుంది. మలుపులో అలా తోస్తే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది, కొక్కెం దగ్గర మడతపడి బోల్తా కొడుతుంది.

ఎక్కువ స్పీడుతో నిజంగా మిగిలేది ఎంత?

ఇంటి నుంచి పొలానికి 6 కి.మీ. అనుకుందాం. 20 కి.మీ. స్పీడులో 18 నిమిషాలు. 30లో 12 నిమిషాలు. మిగిలింది 6 నిమిషాలు. రోజుకు 5 ట్రిప్పులు వేస్తే లోడు మీద మిగిలేది అరగంట. పెంట ఎత్తడానికి, దించడానికి ఒక్కో ట్రిప్పుకు పట్టే టైము ముందు ఇది ఏపాటి? ఇంకో ట్రిప్పు కావాలంటే ఎత్తే దగ్గర ఇంకో మనిషిని పెట్టుకోండి. రోడ్డు మీద తొక్కితే ఆ ట్రిప్పు రాదు.

ఇక డీజిల్. ఈ స్పీడులో గాలి అడ్డం పెద్ద లెక్కలోకి రాదు. డీజిల్ తాగేవి మూడు: చక్రాల దొర్లుడు, ఎత్తు ఎక్కడం, ఆగి మళ్ళీ అందుకోవడం. మొదటి రెండూ స్పీడు తగ్గించినంత మాత్రాన పెద్దగా తగ్గవు. మూడోది పూర్తిగా మన చేతిలో ఉంది.

8 టన్నుల బండిని 30 కి.మీ. దాకా అందుకోవడానికి, ఇంజన్ నాలుగో వంతు శక్తినే చక్రాలకు ఇస్తుందని లెక్కేస్తే, సుమారు 30 మిల్లీలీటర్ల డీజిల్ కావాలి. 20 దాకా అయితే 14 మిల్లీలీటర్లు చాలు. బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ డీజిలంతా బ్రేకు వేడిలో కలిసిపోతుంది. దారిలో స్పీడ్ బ్రేకర్లు, కల్వర్టులు, గొర్రెల మందలు కలిపి పది చోట్ల ఆగాల్సి వస్తే ట్రిప్పుకు 160 మిల్లీలీటర్ల తేడా. ఐదు ట్రిప్పులకు ముప్పావు లీటరు పైనే. బ్రేకు లైనింగులు, టైర్లు, కొక్కెం పిన్ను అరుగుదల దీనికి అదనం.

దొర్లుడు సంగతి కూడా చూడండి. తారు రోడ్డు మీద బరువులో నూటికి 2 వంతుల బలంతో లాగితే బండి కదులుతుంది. 8 టన్నులకు 160 కిలోల లాగుడు. మట్టి బాటలో నూటికి 5 వంతులు, అంటే 400 కిలోలు. మెత్తటి దుక్కిలో నూటికి 10 పైనే. కాబట్టి కాస్త చుట్టు అయినా గట్టి బాట ఉంటే అదే మేలు. ట్రాలీ టైర్లలో గాలి తక్కువుంటే తారు రోడ్డు కూడా మట్టి బాటలాగే లాగుతుంది. టైరు పక్కన రాసి ఉన్న గాలి లెక్కను దాటకుండా, తగ్గకుండా చూసుకోండి.

గేరు పెద్దది, ఎక్సలేటర్ చిన్నది

సమంగా ఉన్న రోడ్డు మీద చిన్న గేరులో ఇంజన్‌ను అరిపించడం కంటే, ఒక గేరు పెంచి ఎక్సలేటర్ తగ్గిస్తే అదే స్పీడుకు డీజిల్ తక్కువ పడుతుంది. ఇంజన్ 1500 నుంచి 1700 ఆర్‌పీఎం మధ్య హాయిగా తిరుగుతుంటే చాలు. అయితే ఇంజన్ మూలుగుతున్నా, నల్లటి పొగ వస్తున్నా గేరు ఎక్కువైందని అర్థం. వెంటనే తగ్గించండి.

దిగుడులో మాత్రం దీనికి తిరగేసి చెయ్యాలి. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. కొందరు డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు. కలిసొచ్చేదేమీ లేదు. గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికే డీజిల్ కావాలి. పైగా ఇంజన్ పట్టు పోయి 8 టన్నులూ బ్రేకు మీదే పడతాయి.

లోడును బట్టి స్పీడు

*పచ్చి పెంట:* పచ్చి పేడలో నూటికి 80 వంతుల దాకా నీళ్ళే. రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉండేలా ఎత్తండి. వెనక ఎక్కువైతే కొక్కెం పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. ముందు మరీ ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి. ట్రాలీని ఎప్పుడూ కింది కొక్కేనికే తగిలించాలి. టాప్ లింకు దగ్గర తగిలిస్తే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది.

*జీవామృతం డ్రమ్ములు, ట్యాంకులు:* సగం నిండిన ట్యాంకు నిండిన దానికంటే ప్రమాదం. బ్రేకు వేస్తే లోపలి నీళ్ళన్నీ ముందుకొచ్చి తోస్తాయి, మలుపులో పక్కకు తోస్తాయి. లోపల అడ్డు రేకులు లేని ట్యాంకైతే నిండా పోయండి, లేదా ఖాళీగా తీసుకెళ్ళండి. సగంతో పోక తప్పకపోతే 15 దాటవద్దు. 200 లీటర్ల డ్రమ్ములను నిలబెట్టి తాడుతో కట్టండి. జీవామృతంలో గ్యాస్ పుడుతుంది కాబట్టి మూత బిగించకుండా గోనెపట్టా కట్టండి.

*గడ్డి లోడు:* బరువు తక్కువ కదా అని డ్రైవర్లు తొక్కేది దీన్నే. కానీ ఎత్తు ఎక్కువ. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో 20 కి.మీ. స్పీడుతో తిరిగితే లోడును పక్కకు తోసే బలం దాని బరువులో ఐదో వంతు. అదే 30లో తిరిగితే దాదాపు సగం. ఎత్తుగా పేర్చిన ట్రాలీ బోల్తా కొట్టడానికి అది చాలు. మలుపులో 12 నుంచి 15 మాత్రమే. కరెంటు తీగలు కిందికి వేలాడే చోట ఆగి, దిగి చూసి పోవాలి.

మొత్తం మీద నా సలహా ఇది. సొంత బ్రేకుల్లేని లోడు ట్రాలీకి తారు రోడ్డు మీద 20, రోడ్డు నేరుగా ఖాళీగా ఉంటే 25. కంకర బాటలో 12 నుంచి 15. కాలువ కట్ట మీద, గట్ల మీద 5 నుంచి 8. ఖాళీ ట్రాలీ ఎగిరెగిరి పడుతుంది కాబట్టి దానికీ 30 దాటవద్దు. రాత్రిపూట లైటు వెలుగు పడినంత దూరంలో ఆగగలిగే స్పీడే మీ స్పీడు.

మీటరు పనిచేయడం లేదా? కిలోమీటరు రాళ్ళు చూసి టైము లెక్కపెట్టండి. ఒక రాయి నుంచి ఇంకో రాయికి 4 నిమిషాలు పడితే 15, 3 నిమిషాలైతే 20, 2 నిమిషాలకే వచ్చేస్తే 30.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు

1. రెండు బ్రేకు పెడళ్ళను కలిపి లాక్ వేశారా? దుక్కిలో మలుపు కోసం విడదీసి, అలాగే రోడ్డెక్కితే ఒక్క చక్రానికే బ్రేకు పడి ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది.
2. కొక్కెం పిన్నుకు కింద క్లిప్పు ఉందా? తాడుముక్క, తీగముక్క పనికిరావు.
3. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు పెంట, మట్టి లేకుండా తుడిచారా? గడ్డి వాటిని కప్పేయకుండా ఉందా?
4. ట్రాలీలో మనుషులు ఎవరూ లేరు కదా?

ఈ నాలుగోది మాత్రం మరచిపోవద్దు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. రెండు చోట్లా కలిపి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది నాట్లకు, కలుపుకు పోయే మన అక్కచెల్లెళ్ళే. కట్ట మీద ట్రాలీ పక్కకు ఒరిగితే లోపలున్నవాళ్ళకు దూకే టైము ఉండదు. లోడు మీద కూర్చోబెట్టుకుని పోవడం ఖర్చు తగ్గించే పద్ధతి కాదు. కూలీలకు ఆటో మాట్లాడండి.

అన్నిటికంటే చవక: మోయకపోవడం

ప్రకృతి వ్యవసాయంలో మనకున్న వీలు ఇదే. పశువుల ఎరువు ఎకరాకు 4, 5 టన్నులు తోలాలి. ఘనజీవామృతం 200 నుంచి 400 కిలోలతో సరిపోతుంది. ఐదెకరాలకు 20 టన్నులు మోసే చోట 2 టన్నులు చాలు. పేడను ఇంటి దగ్గరే నీడన ఆరబెట్టి తోలితే నీళ్ళ బరువు మోయక్కర్లేదు. పొలం దగ్గర బోరు ఉంటే జీవామృతం అక్కడే కలపండి. ఎకరాకు 200 లీటర్ల డ్రమ్ము బదులు 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పిండి మాత్రమే తీసుకెళ్ళొచ్చు.

ఈ సీజన్‌లో ఒక పని చేసి చూడండి. ట్యాంకు నిండా డీజిల్ పోయించి, ఒకరోజు మామూలుగా తోలండి. మళ్ళీ నిండా పోయించి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. మర్నాడు అదే బాటలో, అదే లోడుతో, 20 దాటకుండా తోలి చూడండి. రెండు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి మీ డ్రైవర్ తమ్ముడికి చూపించండి. వీడియో కూడా అతనితో కలిసి చూడండి. మీకు వచ్చిన లెక్క మాకూ రాయండి, తోటి రైతులకు పనికొస్తుంది.