పాత స్కాన్ ఎక్కడుంది?

ఇండియాలో షంట్ వేయించుకున్న పిల్లాడు మస్కట్ అజైబాలోని తెలుగువాళ్ల ఇంట్లో ఉంటే, పాస్‌పోర్టుల పక్కనే ఇంకో ఫైలు కూడా ఉండాలి. ఎందుకో చెబుతాను.

మెదడు లోపలి గదుల్లో రోజుకు సుమారు అర లీటరు ద్రవం ఊరుతుంది, ఊరినంతా రక్తంలోకి ఇంకిపోతుంది. దారి మూసుకుపోతే గదులు ఉబ్బుతాయి. అదే హైడ్రోసెఫలస్. అదనపు ద్రవాన్ని చర్మం కిందుగా పొట్టలోకి దించే సన్నని సిలికాన్ గొట్టమే షంట్. దాని వాల్వుకు 1956లో పనికొచ్చే రూపమిచ్చింది డాక్టరు కాదు, కొడుకు కోసం తంటాలుపడిన జాన్ హోల్టర్ అనే అమెరికన్ మెకానిక్. ఇన్నేళ్లయినా షంట్లు మొరాయిస్తూనే ఉన్నాయి. పిల్లల్లో దాదాపు సగం షంట్లకు రెండేళ్లలోపే మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది.

ఎక్కువగా పూడుకునేది మెదడులో ఉన్న కొస. ద్రవాన్ని తయారుచేసే కణజాలమే గొట్టం రంధ్రాల్లోకి పెరిగి అతుక్కుంటుంది. అలాంటి గొట్టాన్ని గుడ్డిగా లాగితే రక్తస్రావం కావచ్చు. ఎండోస్కోపు ఉంటే సర్జన్ కళ్లతో చూస్తూ దాన్ని విడదీయగలడు.

కొందరికి గొట్టంతోనే పని లేకుండా చేయొచ్చు. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, ఎండోస్కోపును మూడో గదిలోకి పంపి, దాని అడుగు పొరను తొలిచి బుల్లి బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ద్రవం కొత్త దారి పట్టేస్తుంది. ఆ పొర కిందే బేసిలార్ ధమని ఉంటుంది కాబట్టి ఇది చెయ్యి తిరిగినవాళ్లు చేయాల్సిన పని. ‘చిన్న గాటే కదా’ అని అందరికీ కుదరదు. దారి ఇరుకైనచోట బాగా పనిచేస్తుంది. ఆరు నెలల్లోపు పసికందుల్లో, మెదడుపొరల వాపు వచ్చినవాళ్లలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

షంట్ ఉన్న పిల్లల్లో పొద్దున్నే తలనొప్పి, వాంతులు, లేపినా లేవని మగత, పసిపిల్లలకైతే మాడు ఉబ్బడం కనిపిస్తే గ్యాస్ అనుకుని రేపటిదాకా ఆగకండి. ఒమాన్‌లో అత్యవసర నంబరు 9999. మస్కట్‌లో న్యూరోసర్జరీకి పేరున్న ప్రభుత్వాసుపత్రి మినా అల్ ఫహల్‌లోని ఖౌలా.

అక్కడ అడిగే మొదటి మాట: బాగున్నప్పటి స్కాన్ ఉందా? ఈ పిల్లాడి గదులు మామూలుగా ఎంత ఉంటాయో తెలియకపోతే ఇవాళ ఉబ్బాయో లేదో తేల్చడం కష్టం. కొందరిలో షంట్ మూసుకున్నా గదులు పెద్దగా ఉబ్బవు. అందుకే స్కాన్ సీడీ, డిశ్చార్జి సమ్మరీ, వాల్వు కంపెనీ పేరు, మోడల్ ఆ ఫైలులో ఉంచండి, ఫోన్లో ఫొటోలు కూడా పెట్టుకోండి. బయటినుంచి అయస్కాంతంతో సెట్ చేసే వాల్వయితే, ఎంఆర్‌ఐ తీసిన ప్రతిసారీ సెట్టింగు మారిందేమో చూపించుకోవాలి.